తువ్వాలు కింద ఐరోపా

1956 జనవరి 21, శనివారం. ఆదోని

బొంబాయి మిల్లు వాళ్ళు కొత్త సంవత్సరానికి పంపిన ఈ డైరీలో ఇరవై పేజీలు తెల్లగా మిగిలిపోయాయి. రాయడానికి ఏముంది? బండ్ల మీద పత్తి వచ్చింది, బేళ్ళు కట్టి రైలెక్కించాం, మళ్ళీ పత్తి వచ్చింది. ఆదోనిలో దలాలి బతుకంతా ఇంతే. ఈ రోజు మాత్రం రాయాలి. రాయకపోతే కడుపు ఉబ్బి చచ్చేట్టున్నాను.

పొద్దున తొమ్మిదింటికి పత్తి యార్డు గేటు ముందు ఒక ఆకుపచ్చ బస్సు కూలబడింది. ముందు చక్రం మీది కమాను విరిగింది. హమాలీల పెద్ద బజారి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. నాకంటే పదేండ్లు పెద్దవాడు, అయినా పరుగులో వాణ్ణి పట్టుకునే మొగాడు యార్డులో లేడు.

"అయ్యా, జల్దీ రాండి! బస్సు నిండా దొరలూ దొరసాన్లూ దిగినారు. వాళ్ళ మాట మాకు తెల్దు, మా మాట వాళ్ళకు తెల్దు. ఒగరి మొగం ఒగరు సూసుకుంటా నిలబడుకోనుండాము."

యార్డులో ఇంగ్లీషు ఉత్తరాలు రాసే దలాలిని నేనొక్కణ్ణే. నా ఉత్తరాలు బొంబాయి పోతాయి, అహమ్మదాబాదు పోతాయి. నేను మాత్రం నలభై మూడేండ్లు నిండినా గుంతకల్లు జంక్షన్ దాటలేదు.

మొత్తం పదహారు మంది. లండన్ నుంచి నేల మీదే వచ్చారట! ఒకటి రెండుచోట్ల బస్సును పడవ ఎక్కించారట, మిగతాదంతా రోడ్డే. నాయకుడి పేరు హ్యారీ. ముప్పై ఏండ్లుంటాయి, ఎర్ర గడ్డం. మీరంతా జమీందార్ల పిల్లలా అని అడిగాను. పడీపడీ నవ్వాడు. వాళ్ళలో బడిపంతుళ్ళున్నారు, గుమాస్తాలున్నారు, ఒక వడ్రంగి ఉన్నాడు, గ్రేటా అని ఆస్ట్రియా దేశపు నర్సమ్మ ఉంది. అందరూ తలా కొంత వేసుకుని పాత బస్సు కొన్నారు. రోడ్డు పక్కన వండుకుంటారు, డేరాల్లో పడుకుంటారు. గుమాస్తాలు! వడ్రంగి! దొరల సీమకు ప్రయాణమంటే బారిష్టర్లకే అనుకుంటూ ఇన్నేండ్లు బతికానే!

వాళ్ళకు ఒక నియమం ఉంది. శనివారం సాయంత్రం బస్సు ఎక్కడుంటే అక్కడ పార్టీ. వంతుల ప్రకారం ఒక్కొక్కరు తమ దేశపు వంట పెట్టాలి, తమ దేశపు ఆట ఆడించాలి. బెల్‌గ్రేడులో ఒక శనివారం, ఇస్తాంబూలులో ఒక శనివారం. ఈ శనివారం ఆదోని! గ్రేటా వంతు. యార్డులోనే మూడు రాళ్ళు పెట్టి ఆలుగడ్డ ఉండలు ఉడికించింది. అందులో మాంసం లేదు కదా అని మూడుసార్లు అడిగి రెండు తిన్నాను. ఒకాయన తిత్తిపెట్టె లాంటి వాయిద్యం వాయించాడు. గ్రేటా బజారిని చెయ్యి పట్టి లాగితే వాడు సిగ్గుపడకుండా గిరగిరా తిరిగాడు. హమాలీలు ఈలలు వేశారు.

అప్పుడు హ్యారీ చెప్పాడు. వాళ్ళు ఎమ్మిగనూరు, కర్నూలు మీదుగా మద్రాసు పోయి, అక్కణ్ణుంచి సిలోను చూసుకుని ఏప్రిల్‌లో ఇదే దారిన వెనక్కొస్తారు. మళ్ళీ ఐరోపా అంతా తిరుగుతూ లండన్ చేరతారు. ఒకతను బొంబాయిలో ఉద్యోగం దొరికి దిగిపోయాడు, ఒక సీటు ఖాళీ. "నీలాంటివాడు మాతో ఉంటే ఎంత బాగుంటుంది!" అని చెయ్యి చాచాడు. మర్యాదకు నేనూ చాచాను. సరిగ్గా అప్పుడే నా భుజం మీది తువ్వాలు జారి ఇద్దరి చేతుల మీదా పడింది. గాలి కూడా కొంచెం ఉంది.

మా యార్డులో ధర నోటితో పలకరు. అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి తువ్వాలు కింద కలుస్తాయి, వేళ్ళు పట్టుకుని బేరం చెప్పుకుంటారు. ఎన్ని వేళ్ళన్నది చూసేవాళ్ళకు కనపడదు, ఆ ఇద్దరూ ఎన్నటికీ బయట పెట్టరు. చెయ్యి విడిచాక మాట తప్పినవాడికి యార్డులో చోటుండదు. ఇదంతా హ్యారీకి ఇంగ్లీషులో ఎలా చెప్పాలా అని మాటలు కూడగట్టుకుంటున్నాను. అంతలో బజారి రెండు చేతులూ పైకెత్తి అరిచేశాడు.

"సెయ్యి పడింది! మా అయ్య లండన్ బస్సులో సీటు కొనేసినాడు!"

అందరూ చప్పట్లు. హ్యారీ కూడా చప్పట్లు కొట్టాడు, ఎందుకో తెలియకుండానే. తెలియకుండా అని ఎందుకు రాశాను? తెలిసే ఉంటుంది. అన్ని దేశాలు తిరిగొచ్చిన మనిషి.

ఎన్ని వేళ్ళు పట్టుకున్నాడో ఇక్కడ కూడా రాయను. అది పద్ధతి.

జనవరి 22, ఆదివారం

నా భార్య విశాలాక్షికి చెప్పాను. వార్త నాకంటే ముందే ఇంటికి చేరింది కాబట్టి చెప్పడానికి పెద్దగా మిగల్లేదు. పప్పు వడ్డిస్తూ అడిగింది.

"ఆ తువ్వాలు నేను గంజి పెట్టి ఆరేసింది. మడత విప్పితే అట్ట మాదిరి నిలబడతాది. అది ఎట్ల జారినట్టు?"

"గాలి" అన్నాను.

"నిన్న ఆకు అల్లాడలేదే."

పప్పు బాగుందన్నాను.

నాకు ఐరోపా మీద ఏ మోజూ లేదు. ఈ సంగతి ఆమెకు అర్థమయ్యేట్టు చెప్పాలి. చెయ్యి పడింది, అంతే. ఇరవై ఏండ్లుగా మాట మీద బతికినవాణ్ణి. బేరం సీటుదైనా ఒకటే, పత్తిదైనా ఒకటే.

జనవరి 23, సోమవారం. ఎమ్మిగనూరు నుంచి తిరిగొచ్చి

జిన్నింగు ఫ్యాక్టరీ మేస్త్రీ కమాను అతికించాడు. ఎమ్మిగనూరు మగ్గాల దుప్పట్లు చూడాలని వాళ్ళు ముచ్చటపడ్డారు. అక్కడ మా బావమరిది జయన్నకు నాలుగు మగ్గాలున్నాయి. దారి చూపడానికి ఎవరైనా ఉండాలి కదా అని నేనే ఎక్కాను.

ఎక్కాను! ఖాళీ సీటు కిటికీ పక్కది. ఆ దారిలో లెక్కలేనన్ని సార్లు తిరిగాను, ఎప్పుడూ ఇలా లేదు. అవే చేన్లు, అవే రాళ్ళ గుట్టలు. కానీ మిగతావాళ్ళంతా పాడుతుంటే, పక్కన గ్రేటా ఆస్ట్రియాలో మంచు ఎలా ఉంటుందో చేతులతో చూపిస్తుంటే, పెద్దకడుబూరు వైపు పోయే బండ్లవాళ్ళంతా ఆగి చూస్తుంటే, ఆ గంట ప్రయాణంలో నాకు వయసు సగానికి సగం తగ్గింది. గ్రేటాకు కందిచేను చూపించి పేరు చెప్పాను. తిరిగి పలికింది. నేను ఆమె దేశపు చెట్టు పేరు ఒకటి నేర్చుకుని అప్పుడే మరిచిపోయాను.

జయన్న ఇంట్లో అందరికీ ఉగ్గాని, బజ్జి. నానబెట్టి పిండిన బొరుగుల్లో ఉల్లిగడ్డ, పచ్చిమిరప, పుట్నాల పొడి వేసి తాలింపు పెట్టే ఈ ఫలహారం తెల్లవాళ్ళు తింటారా అని భయపడ్డాం. రెండోసారి అడిగి పెట్టించుకున్నారు. మిరపకాయ బజ్జి కొరికి వడ్రంగి ఏడ్చాడు, ఏడుస్తూనే ఇంకొకటి తీసుకున్నాడు.

దిగేటప్పుడు హ్యారీ గట్టిగా కౌగిలించుకుని "ఏప్రిల్‌లో కలుద్దాం" అన్నాడు. సీటు సంగతి ఎత్తలేదు. ఎత్తాల్సిన పనేముంది? చెయ్యి పడ్డాక మళ్ళీ ఆ మాట ఎత్తేవాడు దలాలే కాదు.

హ్యారీ దలాలి కాదనుకో.

జనవరి 24

ఆ కిటికీ సీటే నాది. తలుపు నుంచి మూడోది.

ఫిబ్రవరి 2, గురువారం

మల్లికార్జునయ్య గారు కబురు పెట్టారు. యార్డులో అందరికంటే పెద్ద పత్తి వ్యాపారి, డెబ్బై ఏండ్ల మనిషి. ఏ తగాదా వచ్చినా ఆయన మాటే తీర్పు. వద్దంటారేమో అని మెట్ల మీద రెండుసార్లు ఆగాను. ఆగానంటే, చెప్పులో రాయి.

"ఏమప్పా ఇంద్రసేనా, సెయ్యి పడిన మాట నిజమేనా?"

"నిజమేనన్నా. తువ్వాలు అనుకోకుండా జారింది. ఆ రోజు గాలి బాగా ఉండె."

"జారినా పడినా ఒగటే. ఆదోని యార్డులో సెయ్యి పడితే సరుకు దిగల్ల. తెల్లదొరైనా నల్లదొరైనా అంతే. నువ్వు పోవల్సిందే. పోకుంటే యార్డు మాట పోతాది."

పోవల్సిందే! ఆయన నోట విన్నాను. మెట్లు దిగుతుంటే ఈల వేయబోయి ఆపుకున్నాను. మాట కోసం పోతున్నవాడు ఈల వేస్తే బాగుండదు.

ఫిబ్రవరి 6

హైస్కూలు పంతులు దగ్గర అట్లాసు అడిగి తెచ్చాను. ఐరోపా మొత్తం ఒక పేజీ. పలచటి కాగితం పెట్టి గీసుకున్నాను. సలోనికా, బెల్‌గ్రేడు, వియన్నా, మ్యూనిచ్, పారిస్. వంతు లెక్క వేస్తే నా శనివారం వియన్నాలో పడుతుంది. గ్రేటా దేశంలో ఉగ్గాని!

ఫిబ్రవరి 11, శనివారం

బొరుగులు తేలిక కాబట్టి ఒక మూట మోయడం కష్టం కాదు. పుట్నాల పొడి డబ్బా. ఎండుమిరపకాయలు. ఉల్లిగడ్డలు అక్కడ దొరుకుతాయని గ్రేటా చెప్పింది. శనగపిండి సంగతి ఆమెకు తెలియదు, మనమే తీసుకుపోవాలి.

ఆట ఏది ఆడించాలన్నది తేలక వారం రోజులుగా నలుగుతున్నాను. బజారి తేల్చేశాడు.

"కోలాటం ఆడియ్యండి అయ్యా. పదహారు మందంటే ఎనిమిది జతలు. దేవుడు లెక్కేసి పంపినట్టుండారు. కట్టెలు నేను సెక్కిస్తా, అడుగులు నేను నేర్పిస్తా."

రోజూ సాయంత్రం బండ్లు ఖాళీ అయ్యాక యార్డులో హమాలీలతో కోలాటం. ఇరవై ఏండ్లుగా వాళ్ళకు పని చెప్పినవాణ్ణి, ఇప్పుడు వాళ్ళు నాకు చెబుతున్నారు. "అయ్యా, ఎడమ కాలు! ఎడమ కాలంటే అది కాదు!" ఈ రోజు నా కట్టె బజారి వేలికి తగిలింది. "ఈ దెబ్బ దాసిపెట్టుకోనుండి దొరకు కొట్టండి" అన్నాడు. ఒళ్ళంతా చెమట. ఇంత ఆకలి ఎప్పుడేసిందో గుర్తులేదు.

ఫిబ్రవరి 18, శనివారం

పాసుపోర్టు ఫారం మద్రాసు నుంచి వచ్చింది. ఫోటో కావాలంటే స్టూడియోకు బయలుదేరాను. చూస్తే విశాలాక్షి పట్టుచీర కట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"ఫారంలో భార్య అని ఒక గడి ఉండాదని మీరే చెప్తిరి కదా. దాన్ని ఏమిటికి ఖాళీగా విడిచేది?"

"నువ్వు రావు కదా?"

"పేరుంటే తప్పేముంది? కాగితం బరువు పెరుగుతాదా?"

ఇద్దరం కూర్చుని తీయించుకున్నాం. పెండ్లయిన ఇరవై మూడేండ్లకు మొదటి ఫోటో. నవ్వొద్దని స్టూడియో అతను అన్నాడు. ఆమె నవ్వింది.

ఫిబ్రవరి 27

పోలీసు విచారణ. ఏం పని మీద పోతున్నారని ఇనస్పెక్టరు అడిగాడు. "మాట నిలబెట్టుకోవడానికి" అన్నాను. కాసేపు నా మొహం చూసి, వ్యాపారం అని రాసుకున్నాడు.

మార్చి 3, శనివారం

హ్యారీ ఇచ్చిన కొలంబో చిరునామాకు రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ప్రయాణంలో ఉన్నవాళ్ళకు ఉత్తరాలు ఎక్కడ అందుతాయి?

మార్చి 10

యార్డులో నన్నిప్పుడు లండన్ ఇంద్రసేనయ్య అంటున్నారు. కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు.

మార్చి 15

జవాబు లేదు.

మార్చి 21, బుధవారం

వచ్చింది! గ్రేటా నుంచి కార్డు. కొబ్బరిచెట్ల బొమ్మ. యార్డులో అందరూ చుట్టూ మూగారు, మల్లికార్జునయ్య గారు కూడా గద్దె దిగి వచ్చారు. నేను చదివి తెలుగులో చెప్పాను. సిలోను బాగుంది. ఉగ్గాని మరిచిపోలేదు. ఏప్రిల్ 14, శనివారం ఆదోని చేరతాం. ఈసారి పార్టీ కూడా మీ యార్డులోనే. నీ కిటికీ సీటు తుడిచి పెట్టాం.

చివరి వాక్యం కార్డులో లేదు. కార్డు చిన్నది, ఆమెకు చోటు చాలలేదు. చోటుంటే రాసేదే.

ఇంట్లో విశాలాక్షి కార్డు చేతికి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. ఆమెకు ఇంగ్లీషు రాదు.

"ఇందులో సీటు అనే మాట యాడుండాదో వేలు పెట్టి చూపించండి."

వేలు పెట్టి ఏదో ఒక మాట చూపించాను. శనివారం అన్న మాట అది. ఆమె ఆ అక్షరాలను కాసేపు చూసి, కార్డు దేవుడి పటం పక్కన పెట్టింది. ఏదైనా అని ఉంటే బాగుండేది.

మార్చి 28

పాసుపోర్టు చేతికొచ్చింది. నల్లటి అట్ట. లోపల ఇద్దరి ఫోటో. నేను పిడుగు పడ్డవాడిలాగా ఉన్నాను, ఆమె నవ్వుతోంది.

ఏప్రిల్ 5

మల్లికార్జునయ్య గారు పద్నాలుగో తేదీ మేళం మాట్లాడారట. పూలదండలట. ఎమ్మిగనూరు నుంచి జయన్న పదహారు దుప్పట్లు నేయిస్తున్నాడట, ప్రయాణికులకు మనిషికొకటి. కోలాటం కట్టెలు పదహారు జతలు తయారు, రంగు కూడా వేశారు. బజారి ఉరుకుంద పోయి నా పేర ఈరన్న స్వామికి మొక్కుకుని వచ్చాడు. "అయ్యా, బస్సు సల్లగా పోయిరావల్లని మొక్కినా" అని కుంకుమ చేతిలో పెట్టాడు.

ఆ కుంకుమ పెట్టుకోవడానికి నాకు చెయ్యాడలేదు.

హ్యారీకి తెలుసా? తెలుసు. అంత గట్టిగా పట్టుకున్నాడు కదా. తెల్లవాళ్ళు ఊరికే ఎవరి చెయ్యీ పట్టుకోరు.

అందరి చెయ్యీ పట్టుకుంటారు.

ఏప్రిల్ 11

గుంతకల్లులో ఏదైనా పని పెట్టుకుని నాలుగు రోజులు పోతే?

ఏప్రిల్ 13, శుక్రవారం

మధ్యాహ్నం భోజనమయ్యాక పెట్టెలో బట్టలు సర్దుతున్నాను. విశాలాక్షి వచ్చి పెట్టె మూసి దాని మీద కూర్చుంది.

"ఇప్పుడు చెప్పండి. ఆ దొరకు తెలుసునా, మీరు సీటు కొన్నట్టు?"

చేతిలోని చొక్కాను రెండుసార్లు మడిచాను. తెలియదన్నాను.

"నాకు జనవరిలోనే తెలుసు. తువ్వాలు గురించి నాకు కోపం లేదు. నాకు కోపం ఏమిటికంటే, ఊరందరికీ మాట కోసం పోతాండానని చెప్పినారు, నాకూ అదే చెప్పినారు. నేను ఊరా? పోవల్లని ఉండాదని నాతో ఒక్క మాట అంటే మీ సొమ్మేం పాయ?"

నలభై మూడేండ్ల మనిషి, కూతురికి పెండ్లి చేసి హాలహర్వికి పంపినవాడు, దేశాలు చూడాలని ఉందంటే నవ్వుతారు కదా. ఆ మాటే అన్నాను.

"ఎవరు నవ్వుతారు? నవ్వనీ. ఉండాదా లేదా?"

"ఉంది" అన్నాను. ఆ ఒక్క మాట బయటికొచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది. "చాలా ఉంది, విశాలా. చిన్నప్పటి నుంచీ ఉంది. గుంతకల్లులో రైళ్ళు చూసినప్పుడల్లా ఉంది."

ఆమె పెట్టె మీద నుంచి లేవలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కిందికి చూస్తూ అంది.

"మరి నాకు లేదనుకుంటిరా?"

ఇరవై మూడేండ్లు ఒక ఇంట్లో ఉన్నాం. నేనడగలేదు, ఆమె చెప్పలేదు. పాసుపోర్టు ఫోటోలో ఎందుకు నవ్విందో ఈ రోజు తెలిసింది. దద్దమ్మను నేను. రేపు దొరను సూటిగా, ఇద్దరి కోసమూ అడుగుతానని మాటిచ్చాను.

ఏప్రిల్ 14, శనివారం

జరిగింది జరిగినట్టు వరుసగా రాస్తాను.

మూడింటికి బస్సొచ్చింది. మేళం మోగింది. హ్యారీ ఒళ్ళంతా ఎండకు ఇటుక రంగు తిరిగాడు. దిగీ దిగగానే నన్ను ఎత్తి దించాడు. మల్లికార్జునయ్య గారు అతని మెడలో దండ వేసి, నా మెడలో దండ వేసి, గద్దె మీద కూర్చున్నారు.

"ఇంద్రసేనా, అడుగు. మా దలాలి సీటు యాడుండాదో సూపించమను."

మేళం ఆగింది. అక్కడ ఇద్దరి భాషా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేనేం చెబితే అదే నిజం. హ్యారీ వైపు తిరిగి "సిలోను బాగుందా?" అని అడిగాను. "అద్భుతం!" అని తల గట్టిగా ఊపాడు. నేను ఇటు తిరిగి "సీటు సిద్ధంగా ఉందంటున్నాడు" అన్నాను. బజారి కేక పెట్టాడు. మేళం అందుకుంది.

హ్యారీ నా చెవి దగ్గర అడిగాడు. "ఈ దండలెందుకు? ఎవరిదైనా పెండ్లా?"

నవ్వబోయి గేటు వైపు చూశాను. యార్డులోకి మా ఆడవాళ్ళు రారు. విశాలాక్షి వచ్చి గేటు పక్కన నిలబడి ఉంది. కాళ్ళ దగ్గర పెట్టె. నేను తిప్పి చెప్పింది తప్పని ఆమెకు తెలియదు, తెలిసే వీలూ లేదు. నన్ను నమ్మి పెట్టె మోసుకొచ్చింది. అబద్ధం సీటులో ఆమెను కూర్చోబెట్టుకుని ఎంత దూరం పోతాను?

మేళం ఆపమన్నాను. మెడలో దండ తీసేశాను.

"అన్నా, నేను తప్పు చెప్పినా. దొరకు ఏమీ తెల్దు. ఆ రోజు తువ్వాలు జారలేదు. గాలీ లేదు. నేనే తీసి కప్పినా. ఆయన ఊరికే మర్యాదకు చెయ్యి కలిపినాడు, ఐదు వేళ్ళూ కలిపి పట్టుకున్నాడు, వాళ్ళ దేశంలో ఎవరైనా పట్టుకున్నట్టే. నాకు పోవల్లని ఆశ. అడిగే ధైర్యం లేక బేరమని ఆడినా. కార్డులో సీటు మాటా లేదు, నేనే కలిపినా."

అదే హ్యారీకి ఇంగ్లీషులో చెప్పాను. తెలుగులో చెప్పినంత కష్టం కాలేదు.

బజారి మొహం చూడలేకపోయాను. వాడు కుంకుమ తెచ్చినవాడు.

మల్లికార్జునయ్య గారు చేతికట్టె కొస నేలకు రెండుసార్లు పొడిచారు. "తువ్వాలు దించప్పా" అన్నారు. భుజం మీది తువ్వాలు తీసి నేల మీద పెట్టాను. యార్డులో అంతకంటే పెద్ద శిక్ష లేదు.

"సెయ్యి పడకుండానే పడిందన్నావు. యార్డునంతా మూడు నెలలు ఆడిపిస్తివి. ఈ సీజనంతా నీకు ఈడ బేరం లేదు. దసరా దాకా ఈ గేటు తొక్కొద్దు." ఆయన నావైపు కాక బస్సు వైపు చూశారు. "అన్ని నెలలు ఊళ్ళో ఉండి ఏం సేస్తావు? యాడికన్నా పో."

ఆయన మీసాల కింద ఏదో కదిలింది. నవ్వేనేమో. అడిగే ధైర్యం ఎవరికుంది?

హ్యారీ అప్పటిదాకా నోరు తెరుచుకుని వింటున్నాడు. "అంటే మూడు నెలలుగా నేను అమ్మని సీటు నీకు అమ్మేసి తిరుగుతున్నానా?" అని కడుపు పట్టుకుని నవ్వాడు. వాళ్ళవాళ్ళకు చెప్పాడు, వాళ్ళూ నవ్వారు. గ్రేటా మాత్రం నవ్వలేదు. ఆమె బస్సు ఎక్కి, కిటికీలో నుంచి మాకు కనపడేట్టు మూడో సీటు తట్టి చూపించింది. ఆ తర్వాత దాని పక్కదీ తట్టింది. ఇద్దరు కొలంబోలో ఆస్ట్రేలియా ఓడ ఎక్కేశారట. మూడు ఖాళీల్లో రెండు పక్కపక్కనే ఉన్నాయి.

"సరే, ఇప్పుడు నిజంగా అడుగు" అన్నాడు హ్యారీ.

అడిగాను. అందరి ముందు, గట్టిగా, రెండు భాషల్లోనూ. "నాకూ నా భార్యకూ మీతో రావాలని ఉంది. రెండు సీట్లు ఇస్తావా?"

చెయ్యి చాచాడు. నేను చాచలేదు. యార్డులో నాకు బేరం లేదు కదా. అప్పుడు విశాలాక్షి నడుచుకుంటూ లోపలికొచ్చింది. హమాలీలు దారిచ్చారు. వంగి నేల మీది తువ్వాలు తీసి, రెండుసార్లు దులిపి, మల్లికార్జునయ్య గారి వైపు తిరిగింది.

"అన్నా, ఆయనకు కదా ఈడ బేరం లేదనింది? ఈ బేరం నాది. ఆయన చెయ్యి అరువు తీసుకుంటాండాను."

నా కుడి చేతిని హ్యారీ చేతిలో పెట్టి మీద తువ్వాలు కప్పింది. గంజి పెట్టిన తువ్వాలు డేరాలా నిలబడింది. ఏ వేలికి ఏ లెక్కో హ్యారీకి చెవిలో చెప్పాను. ఒకటి తప్పాడు, సరిదిద్దాను. మల్లికార్జునయ్య గారు ఆ వైపే చూడలేదు, ఆకాశంలో ఏదో పిట్టను చూస్తున్నారు.

బజారి మాత్రం అరవలేదు. నా దగ్గరికొచ్చి అడిగాడు.

"అయ్యా, ఈసారన్నా నిజమేనా? మళ్ళా మొక్కు మార్సుకోలేను."

"నిజమే బజారీ."

అప్పుడు అరిచాడు. ఎమ్మిగనూరులో వినపడి ఉంటుంది.

ఆ తర్వాత పార్టీ. నా శనివారం వియన్నాలో అనుకున్నాను, యార్డులోనే వచ్చింది. విశాలాక్షి మూడు రాళ్ళ మీద ఉగ్గాని కలిపింది, వడ్రంగి బజ్జి కొరికి మళ్ళీ ఏడ్చాడు, జయన్న దుప్పట్లు పంచాడు. తెల్లవాళ్ళు, హమాలీలు కలిసి కోలాటం. గ్రేటా ఎడమ కాలు తప్పలేదు, నేను తప్పాను. మల్లికార్జునయ్య గారు కట్టెతో నేల మీద తాళం వేశారు. ఇంత సంతోషం ఒక మనిషికి ఒక్క రోజులో పడితే ఏమవుతుందో నాకు తెలియదు.

ఏప్రిల్ 16, సోమవారం. బస్సులో, రాయచూరు దారి

అక్షరాలు ఎగురుతున్నాయి, రోడ్డు అలా ఉంది. బయలుదేరేటప్పుడు బజారి కిటికీ దగ్గరికొచ్చి "అయ్యా, ఆ వియన్నాలో కోలాటం తప్పు ఆడితే నా పేరు సెప్పొద్దు" అన్నాడు. కుంకుమ పొట్లం మళ్ళీ ఇచ్చాడు. ఈసారి పెట్టుకున్నాను.

కిటికీ సీటు విశాలాక్షిది. మూడు నెలలుగా నాది నాది అనుకున్న సీటు. ఆమె తల తిప్పకుండా బయటికి చూస్తోంది. ఇందాక పత్తిచేను చూపించి గ్రేటాకు పేరు చెప్పింది. బొరుగుల మూట నా ఒళ్ళో ఉంది. తువ్వాలు భుజం మీద లేదు, ఆమె మడిచి పెట్టెలో పెట్టింది. లండన్‌లో గంజి దొరుకుతుందో లేదో అంటోంది.

మొన్న తువ్వాలు కింద ఎన్ని వేళ్ళు పట్టుకున్నామో ఇక్కడ కూడా రాయను. ఈసారి అది నిజంగానే బేరం.